70 ఎంఎం టెలిస్కోప్: అనంతపురంలో మా మిద్దె మీద ఏడాది వాడినంక రాస్తాండా

మా షాపు సాయినగర్‌లో, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్‌టికెట్ ప్రింట్లు అట్లాంటివి. పొద్దున పేపర్ వేయిస్తాను కాబట్టి నలుగురు వచ్చి కూర్చుంటారు, ఆ నలుగురిలో ఎవరో ఒకరు ఫోన్ తీసి "ఇది చూడప్పా, ఇట్లంట" అని మొదలుపెడతారు. శని గ్రహం రింగులు మాయమైపోతాయంట, ఆగస్టులో ఇద్దరు చందమామలు వస్తారంట, ఆరు గ్రహాలు ఒకే గీత మీద నిలబడతాయంట. నేను బీఎస్సీతో చదువు ఆపేసినా గానీ సైన్స్ మీద ఇష్టం మాత్రం పోలే. వాళ్లు చెప్పేది తప్పనిపించి "కాదన్నా" అంటే, "నువ్వేమన్నా చూసినావా" అంటారు, నిజమే కదా, నా దగ్గరుండేదీ ఇంకో ఫోనే, వాళ్ల వీడియోకి నా వీడియో, అంతకుమించి ఏం లేదు. ఆ మాట మనసులో పెట్టుకునే 2024 డిసెంబర్‌లో 7,400 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో టెలిస్కోప్ తెప్పించినా. ఏడాది దాటింది, మంచీ చెడ్డా రెండూ తెలిసినాయి, కొనాలనుకునేటోళ్లకి పనికొస్తాదని రాస్తాండా.

కంపెనీ పేరు రాయట్లేదు. ఇదే గొట్టం, ఇవే కాళ్లు రకరకాల పేర్ల మీద అమ్ముతాన్నారు, డబ్బా మీద 70 ఎంఎం, 700 ఎంఎం అని ఉంటే దాదాపు ఇదే సరుకు అనుకోండి.

ముందు డబ్బా సంగతి చెప్పాల. దాని మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని ఉంటాది, పక్కన రంగురంగుల నెబ్యులా (ఆకాశంలో ఉండే గ్యాస్, దుమ్ము మబ్బు) ఫొటోలు. ఆ 525 యాడ్నుంచి వచ్చిందో లెక్క శానా సులువు. గొట్టం ఫోకల్ లెంత్ (ముందర లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 ఎంఎం, దాన్ని కన్ను పెట్టే ఐపీస్ నంబర్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తాది. 25 ఎంఎం ఐపీస్ పెడితే 28 రెట్లు, 10 ఎంఎం పెడితే 70, 4 ఎంఎం పెడితే 175. వీటితో పాటు 3 రెట్ల బార్లో అని, ఐపీస్‌కి తగిలిస్తే బొమ్మని ఇంకా మూడింతలు చేసే లెన్స్ ఒకటి ఇస్తారు, 175ని మూడుతో గుణిస్తే 525. లెక్క తప్పు కాదు, కానీ కన్ను పెట్టి చూస్తే అక్కడ ఏమీ ఉండదు, నల్లగా మసక, అంతే. ఎందుకంటే పెద్దది చేసేది ఐపీస్ అయినా వివరం పట్టుకొచ్చేది ముందర ఉండే పెద్ద అద్దం (లెన్స్), దాని వెడల్పు 70 ఎంఎం, ఒక్కో ఎంఎంకి 2 రెట్లు అని లెక్క వేసుకుంటే 140 దాటినంక కొత్తగా ఏం కనపడదు, ఉన్న మసకే పెద్దదైతాది. పేపర్లో వచ్చిన ఫొటోని మా మిషన్‌లో 400 శాతం పెట్టి జిరాక్స్ తీస్తే చుక్కలు పెద్దవైతాయి గానీ మనిషి మొగం స్పష్టంగా రాదు, ఇదీ అట్లే. మొదటి రోజు అందరూ చేసే తప్పు నేనూ చేసినా, 4 ఎంఎం, బార్లో రెండూ కలిపి చంద్రుని మీదికి పెట్టినా, ఏం కనపడలే, మోసపోయినా అనుకున్నా. మరుసటి రోజు 25 పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. ఆ 4, ఆ బార్లో డబ్బాలోనే పెట్టేసినా, ఇంతవరకు మళ్లీ బయటికి తీయలే, మీరూ తీయొద్దు.

అద్దం 70 ఎంఎం అంటే తక్కువేం కాదు. చీకట్లో మన కంటిపాప బాగా విచ్చుకుంటే 7 ఎంఎం దాకా ఉంటాది, దానికి పదింతల వెడల్పు అంటే వైశాల్యంలో వందింతలు, కన్ను కంటే వంద రెట్లు వెలుతురు పట్టి తెస్తాది. డబ్బా మీద రాయాల్సింది ఈ మాట, కానీ ఎవురూ రాయరు.

ఇంక చంద్రుడు. దీని గురించి ఎంత రాసినా తక్కువే. పౌర్ణమి రోజు చూడొద్దు, వెలుతురు నిండుగా పడి అంతా తెల్లగా చదునుగా ఉంటాది. సప్తమి, అష్టమి రోజుల్లో చూడాల, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల అంచులు నీడలతో సహా కనపడతాయి, గుంతల మధ్యలో కొండ మొనకి ఒక్కదానికే ఎండ తగిలి చుక్క మాదిరి మెరుస్తాంటాది, కింద ఇంకా చీకటి. మా అమ్మ మొదటిసారి చూసి శానాసేపు కన్ను తీయలే, "ఏం నాయనా, ఇది మన పక్క గుట్టల మాదిరే ఉంది కదా" అనింది. ఆమె చెప్పింది నిజమే, ఎండిపోయిన గుట్టలు, చెట్టూ చేమా లేకుండా.

చంద్రుడిని చూపిస్తే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటే: చంద్రయాన్ కనపడతాదా? 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 ల్యాండర్ విక్రమ్ దిగినప్పుడు షాపులో టీవీ పెట్టినా, రోడ్డు మీద పోయేటోళ్లు కూడా నిలబడి చూసినారు, ఆ ప్రేమతోనే అడుగుతారు. కనపడదు. ఈ అద్దానికి చంద్రుని మీద సుమారు 3 కిలోమీటర్ల కంటే చిన్నది ఏదీ విడిగా తెలీదు, విక్రమ్ చూస్తే రెండు మీటర్ల వస్తువు. అంతరిక్షంలో ఉండే హబుల్ టెలిస్కోప్‌తో చూసినా కనపడదు, దానికి కూడా అక్కడ ఒక వంద గజాల లోపుది పట్టుకోవడం కష్టం. మరి ఫొటోలు ఎట్ల వచ్చినాయంటే, చంద్రుని చుట్టూ తిరుగుతాన్న చంద్రయాన్ 2 ఆర్బిటర్ దగ్గర్నుంచి తీసింది, అట్లే తిరిగే నాసా వాళ్ల ఎల్ఆర్ఓ అనే ఉపగ్రహం కూడా తీసింది. దక్షిణం వైపు అంచు చూపించి "విక్రమ్ దిగిన శివశక్తి పాయింట్ ఆ పక్క, దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర" అని చెప్తా, అంత చెప్పినా సంతోషపడతారు. ఎవరన్నా "ఇంటి టెలిస్కోప్‌లో రోవర్ కనపడింది" అని వీడియో పెడితే ఈ 3 కిలోమీటర్ల లెక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు శని రింగుల కథ. 2025లో రింగులు మాయమైతాయని 2023 నుంచే తిరుగుతాన్నది ఆ వార్త. అందులో రెండు వేరే వేరే సంగతులు కలిపి వండినారు. ఒకటి, రింగుల పదార్థం మెల్లగా శని మీదికే వానలాగా పడిపోతాందని సైంటిస్టులు చెప్పినారు, అది కోట్ల ఏండ్ల లెక్క. ఇంకోటి, శని సూర్యుని చుట్టూ తిరిగేదానికి 29 ఏండ్ల పైన పడతాది, ఆ తిరుగుడులో సుమారు 15 ఏండ్లకోసారి రింగులు మనకి సరిగ్గా అంచు వైపు తిరుగుతాయి. రెండు లక్షల 70 వేల కిలోమీటర్లకి పైగా పరుచుకున్న రింగులు, మందం చూస్తే చాలాచోట్ల పదుల మీటర్లే, కాగితాన్ని అంచు కంటి వైపు వచ్చేటట్టు పట్టుకుంటే గీత కూడా కనపడదు కదా. రింగులు అట్ల అంచు వైపు తిరగడం 2025 మార్చి 23న జరిగింది, కానీ ఆ రోజుల్లో శని సూర్యుని పక్కనే ఉంది కాబట్టి చూడడానికి కాలే. నేను డిసెంబర్ 2024లో 70 రెట్లతో చూసినప్పుడు గుండ్రటి బొట్టుకి రెండు పక్కలా సన్నటి చెవులు. నవంబర్ 2025లో మళ్లీ చూస్తే నిమ్మకాయకి సూది గుచ్చినట్టు ఒక్క గీత, అది కూడా గాలి కదలకుండా ఉన్న రాత్రే తెలిసింది. గెలీలియోకి కూడా 1610లో కనపడిన ఆ చెవులు 1612లో కనపడకుండా పోయినాయి, ఆయనకి అవి రింగులని కూడా తెలీదు, ఎంత కలవరపడి ఉంటాడో కదా. షాపుకొచ్చే రిటైరైన హెడ్‌మాస్టర్ సార్‌కి రెండు సార్లూ చూపించినా. ఆయన మెల్లగా "అంటే పోలేదు, పక్కకి తిరిగిందన్నమాట" అన్నాడు. ఏడాది గ్యాప్‌తో రెండుసార్లు కన్ను పెట్టిన మనిషి అన్న మాట అది, నా పైసలు అక్కడికే వసూలైపోయినాయి.

రెండు చందమామల ఫార్వర్డ్ కూడా ఇట్లే. ఆగస్టు వస్తే చాలు, 27వ తేదీ రాత్రి మార్స్ చంద్రుడంత కనపడతాదని వస్తాది. దాని మూలం 2003 ఆగస్టు 27, ఆ రోజు మార్స్ 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది, నిజంగానే వేల ఏండ్లలో అంత దగ్గర రాలే. అప్పటి ఈమెయిల్‌లో రాసిందేమంటే, 75 రెట్లు పెద్దది చేసే టెలిస్కోప్‌లో చూస్తే మార్స్, మామూలు కంటికి కనపడే చంద్రుడంత కనపడతాదని. ఆ 75 రెట్ల ముక్క యాడో రాలిపోయింది, మిగతాది ఇప్పటికీ తిరుగుతానే ఉంది. నా దగ్గరుండేది 70 రెట్లు కాబట్టి పరీక్ష పెట్టినా. 2025 సంక్రాంతి రోజు రాత్రి చంద్రుడు మార్స్ దగ్గర్లోనే ఉన్నాడు, ఐపీస్‌లో మార్స్ చూసి తలెత్తి చంద్రుడిని చూడడం, మళ్లీ ఐపీస్, మళ్లీ చంద్రుడు, ఇట్ల పది సార్లు చేస్తే ఐపీస్‌లో మార్స్ చంద్రునిలో సగం సైజు ఉన్నట్టు తేలింది. ఆసారి మార్స్ దూరం 9 కోట్ల 60 లక్షల కిలోమీటర్లు, 2003 కంటే శానా ఎక్కువ, కాబట్టి లెక్క సరిపోయింది. అంటే ఆ ఈమెయిల్ మొదట రాసినాయన కరెక్టుగానే రాసినాడు! పంపేటోళ్ల చేతుల్లో ఒక్క ముక్క తెగిపోయి అబద్ధమైంది. ఇది కనుక్కున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలే, అంత సంతోషం.

గురుడు అయితే మా వానికి, ఎనిమిదో తరగతి, పండగే. 28 రెట్లలోనే పక్కన నాలుగు చుక్కలు కనపడతాయి, అవి దాని చందమామలు. వాడు నోట్‌బుక్‌లో రోజూ రాత్రి 8కి ఆ చుక్కల స్థానం గీసినాడు, తొమ్మిది రోజులు. ఒకరోజు నాలుగు, ఒకరోజు మూడే, ఇంకో రోజు రెండు ఎడమకి రెండు కుడికి. అన్నింటికంటే లోపలిది, అయో, ఒక చుట్టు తిరిగేదానికి 42 గంటలు చాలు కాబట్టి గురుని దగ్గరగా ఉన్నప్పుడు గంటన్నర ఆగి చూసినా జరిగినట్టు తెలుస్తాది. ఫిబ్రవరిలో శుక్రుడు విదియ చంద్రుని మాదిరి వంపుగా కనపడింది, "చుక్క కాదా ఇది" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. వేగుచుక్క అని, సందెచుక్క అని పుట్టినప్పట్నుంచి పిలుస్తాన్నాం, దానికీ చంద్రునిలాగా పెరగడం తరగడం ఉంటాదని చదువుకున్నోళ్లకి కూడా శానామందికి తెలీదు.

ఇంక చెడ్డ సంగతులు, ఇవి కొనేముందే తెలియాల.

అన్నింటికంటే ముందు కాళ్లు. అల్యూమినియం ట్రైపాడ్, ముట్టుకుంటే చాలు ఊగుతాది, ఫోకస్ తిప్పితే బొమ్మ మూడు నాలుగు సెకన్లు వణుకుతాది. మన అనంతపురం గాలి మీకు చెప్పేదేముంది, రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలే కదా, జూన్ నుంచి ఆగస్టు దాకా మిద్దె మీద నిలబెడితే దీన్ని వాడడమే కష్టం. నేను చేసిందేమంటే కాళ్లు పూర్తిగా సాగదీయకుండా పొట్టిగా పెట్టి, మధ్య ట్రేకి 5 లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తాండా. సగం ఊగుడు తగ్గింది. పిట్టగోడ ఆసరా కూడా బాగుంటాది.

ఫైండర్ అని పైన చిన్న గొట్టం ఇస్తారు, దాన్ని పెద్ద గొట్టంతో సరిచేసుకోకపోతే రాత్రి ఏదీ దొరకదు. పగలే చేసుకోండి, దూరంగా ఉండే సెల్ టవర్ మొన గానీ ఓవర్‌హెడ్ ట్యాంక్ మీద గానీ పెట్టి, సూర్యుడు ఉండే వైపు మాత్రం అస్సలు తిప్పొద్దు. ఐపీస్ పెట్టే వంపు ముక్క 45 డిగ్రీలది ఇచ్చినారు, నడినెత్తిన ఉండేది చూడాలంటే మెడ పట్టేస్తాది, పెద్దోళ్లకి ఇబ్బంది. చంద్రుని అంచుకి, శుక్రునికి ఊదా రంగు జిలుగు వస్తాది, ఈ రేటు అద్దాలకి అది తప్పదు. ఫోన్ తగిలించే క్లిప్ పనికిరాలే, ఫోన్ బరువుకి కిందికి వాలిపోతాది, చేత్తో పట్టుకుని తీస్తేనే చంద్రుని ఫొటో నయం. ఒక స్క్రూ మరలు పోయి వచ్చింది, అమ్మినోళ్లకి మూడుసార్లు మెసేజ్ పెట్టినా జవాబు లేదు, చివరికి టవర్ క్లాక్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో ఆ సైజు బోల్టు దొరికింది.

ఎండాకాలం ఇంకో సంగతి. పగలంతా కాగిన మిద్దె రాత్రి 9 దాకా సెగ కక్కుతానే ఉంటాది, ఆ సెగకి గ్రహాలు నీళ్లలో నీడ మాదిరి కదులుతాయి. ఏప్రిల్, మేలో రాత్రి పదిన్నర పైన చూడండి, టెలిస్కోప్ అరగంట ముందే బయట పెట్టి ఉంచండి.

సూర్యుని గురించి గట్టిగా చెప్తాండా. దీంతో సూర్యుడిని చూడొద్దు, ఒక్క క్షణం కూడా వద్దు, కన్ను పోతాది. కొన్ని డబ్బాల్లో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల అద్దం ఇస్తారు, దాన్ని నమ్మొద్దు, ముందర పెద్ద అద్దం పట్టిన వేడంతా అక్కడే పోగై అది పగిలిపోయే ప్రమాదం ఉంది. గొట్టం ముందర భాగం మొత్తం మూసే సోలార్ ఫిల్టర్ విడిగా కొనాల, అది లేకపోతే పగలు పిల్లలకి అందకుండా లోపల పెట్టేయండి. నేను బీరువాలో పెట్టి తాళం వేస్తాండా.

స్పేస్ స్టేషన్ దీంట్లో పట్టుకోవాలని చూసినా, కాలే. 2025 జూన్ 26 నుంచి జూలై 14 దాకా మన వ్యోమగామి శుభాంశు శుక్లా అందులో ఉన్నాడు కదా, జూలైలో ఒకరోజు మా వీధిలోళ్లందరం మిద్దెల మీదికెక్కినాం. మామూలు కళ్లకే బ్రహ్మాండంగా కనపడింది, మిణుకుమనకుండా, సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైన స్పీడు అది, టెలిస్కోప్ తిప్పేలోపల పోయింది. దానికి కళ్లే మేలు. ఆటో నడిపే అన్న చేయి ఊపినాడు పైకి, అందరూ ఊపినారు.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం చంద్రగ్రహణం మాత్రం ఈ టెలిస్కోప్ కోసమే వచ్చినట్టుంది. రాత్రి 9:57కి మొదలైంది, 11 నుంచి 12:22 దాకా సంపూర్ణం, మబ్బులు అడ్డం వస్తా పోతా ఉన్నాయి. అమ్మ సాయంత్రమే భోంచేసి దర్భలు వేసి పడుకునింది, పదకొండున్నరకి మనవడు పోయి "అవ్వా, ఎర్రగుంది రా" అని లేపుకొచ్చినాడు. ఆమె కన్ను పెట్టి "రాగి చెంబు మాదిరుంది" అనింది. మన భూమి నీడలో ఉన్నా, భూమి అంచున ఉండే గాలి సూర్యుని వెలుతురుని వంచి ఎర్రదాన్ని మాత్రమే అక్కడిదాకా పంపుతాదని వాడే వాళ్లవ్వకి చెప్పినాడు. మొత్తం భూమ్మీద ఆ క్షణంలో జరిగే సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిసి పడే వెలుతురు అది.

చివర్లో ఆ 3ఐ అట్లాస్ అనే తోకచుక్క గోల కూడా చెప్పాల. 2025 జూలై 1న చిలీలో ఉండే టెలిస్కోప్ కనిపెట్టింది, వేరే నక్షత్రాల వైపు నుంచి మన సూర్యుని దగ్గరికి వచ్చినవాటిలో మనకి తెలిసి మూడోది. నవంబర్, డిసెంబర్ మొత్తం షాపులో అదే మాట, ఏలియన్ల ఓడ, భూమికి గుద్దుకుంటాదని. డిసెంబర్ 19న మనకి అన్నింటికంటే దగ్గరగా వచ్చినప్పుడు కూడా 27 కోట్ల కిలోమీటర్ల దూరం, సూర్యుని కంటే కూడా చాలా అవతల. నా టెలిస్కోప్‌కి అది అందదు, అంత మసక, వెతికినా దొరకలే, షాపులో కూడా అదే చెప్పినా, "నేను చూడలే, కానీ ఈ దూరం లెక్క చూడండి" అని. వెనకటి మాదిరి ఎవరూ ఎగతాళి చేయలే. అట్లని వింతగా ఉండే వార్తలన్నీ అబద్ధమని కూడా కాదు, 2025 ఏప్రిల్‌లో మన కర్నూలు దగ్గర లేజర్‌తో డ్రోన్ కూల్చినారన్నప్పుడు అందరం వీడియో గేమ్ అనుకున్నాం, అది మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ చేసిన నిజమైన పరీక్ష, 30 కిలోవాట్ల లేజర్.

ఊర్లో వీధి లైట్ల మధ్య నెబ్యులాలు పెద్దగా కనపడవు, అది టెలిస్కోప్ తప్పు కాదు. శింగనమల వైపు మా అక్కోళ్ల ఊరికి తీసుకుపోయి అమావాస్య రాత్రి చేను గట్టు మీద పెడితే ఇదే గొట్టంలో ఒరయన్ నెబ్యులా బూడిద రంగు పొగ మాదిరి కనపడింది, 1,300 కాంతి సంవత్సరాల పైన దూరం. డబ్బా మీద ఫొటోలో ఉండే గులాబీ రంగు ఏమీ ఉండదు, కంటికి రంగు తెలిసేంత వెలుతురు రాదు, ముందే మనసుకి చెప్పుకోండి. కృత్తికలని అక్కోళ్ల అత్త 'పిల్లలకోడి' అంటాది, ఆరు చుక్కలే తెలుసు ఆమెకి, 28 రెట్లలో చూపిస్తే "ఇన్ని పిల్లలా" అని లెక్కపెడతా కూర్చునింది.

స్టార్లు ఇవ్వాలంటే అద్దానికి నాలుగు, కాళ్లకి ఒకటి, డబ్బా మీద రాతకి సున్నా. పది, పన్నెండు వేలు పెట్టగలిగితే కాళ్లు గట్టిగా ఉండేది తీసుకోండి, లేదంటే ఇదే తీసుకుని నీళ్ల క్యాన్ కట్టుకోండి. మొదటి నెల 25 ఎంఎం తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. అనంతపురంలోనే ఉండి కొనేముందు కన్ను పెట్టి చూసుకోవాలనుకుంటే శుక్లపక్షం సప్తమి, అష్టమి రాత్రుల్లో మబ్బు లేకపోతే మా మిద్దె మీదనే ఉంటాం, పిల్లల్ని కూడా తీసుకురండి, కుర్చీలు ఉన్నాయి.